వేడి చేసిందన్న నాలుగు నెలలు

నాది మెడికల్ కోడింగ్ ఉద్యోగం. డాక్టర్లు రాసిన నోట్స్ చదివి, ఇన్సూరెన్సు వాళ్ల కోసం ఏ జబ్బుకి ఆ జబ్బు కోడ్ వేయాలి. ఆఫీసు మంగళగిరిలో. పాప పుట్టాక ఇంటి నుంచే చేస్తున్నాను. నాకు వచ్చే ఫైళ్లలో ఎక్కువ మలద్వారం దగ్గర నొప్పులవే. ఉత్త 'నొప్పి' అని రాస్తే కోడ్ తేలదు. మొలలా, చీలికా, కండరం పట్టేసిందా, ఎన్నాళ్ల నుంచి, రక్తం పడుతోందా, డాక్టర్ పరీక్ష చేశారా, అన్నీ ఉండాలి. కాగితంలో లేనిది మేం ఊహించి వేయకూడదు. డాక్టర్‌ని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలి.

అలాంటి నాకే కాన్పు అయిన దగ్గర్నుంచి ఆ నొప్పి. మొదటిసారి రక్తం కనిపించిన రోజు పాపకి పాలిస్తూ ఏడ్చాను. భయపెట్టే కోడ్‌లన్నీ నాకు కంఠతా వచ్చు మరి.

మా వైపు ఆడవాళ్లు దీని పేరెత్తరు. వేడి చేసింది అంటారు, అంతే. నోరు పూసినా, మూత్రం మంటైనా, ఇదైనా అదే మాట. అత్తయ్య సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చారు. పండుమిరప పచ్చడి జాడీ నాకు అందకుండా పై అరలో పెట్టారు.

చివరికి బ్రాడీపేటలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య, వేడి చేసిందండీ, మొలలనుకుంటా అని చెప్పేశారు. ఎన్నాళ్లైందని డాక్టరమ్మ అడిగితే నేను పది రోజులన్నాను. ఇన్నాళ్లు ఏం చేశావని తిడతారేమోనని. బయట జనం చాలామంది ఉన్నారు. ఆవిడ మొలలు, పది రోజులు అని రాసి ఒక ఆయింట్‌మెంట్ ఇచ్చారు.

గుమ్మం దాటి చీటీ చదివాను. ఇదే నా స్క్రీన్ మీదకి వచ్చి ఉంటే, పరీక్ష చేసినట్టు ఎక్కడుందని వెనక్కి పంపేదాన్ని. పాపని అత్తయ్య చేతికిచ్చి మళ్లీ లోపలికి వెళ్లాను.

"పది రోజులు కాదండి, నాలుగు నెలలు. దొడ్డికి వెళ్తే కోసినట్టు ఉంటుంది. తర్వాత గంటసేపు మంట. రక్తం కూడా పడుతోంది. ఒక్కసారి చూడండి."

"ఇది ముందే చెప్పొచ్చుగా అమ్మా," అని ఆవిడ నన్ను తెర వెనక్కి తీసుకెళ్లారు.

మొలలు లేవు. చీలిక, అదీ పాతబడింది. భయపడాల్సిందేం లేదన్నారు. మందు మార్చారు. పాత రాత కొట్టేసి, చీలిక అనీ, నాలుగు నెలలనీ, పరీక్ష చేశాననీ రాసి సంతకం పెట్టారు. అంత చక్కటి నోట్స్ నాకు పనిలో ఎప్పుడో గానీ రావు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్తయ్య, మిర్చి యార్డు దాటాక, బయటికి చూస్తూ, తనని కూడా ఆవిడకి చూపించమన్నారు. ఎన్నాళ్ల నుంచని అడిగాను.

"ఈ మధ్యేలే."

"అత్తయ్యా."

"నీ మొగుణ్ణి కన్నప్పట్నుంచి."

ఇద్దరం ఎంత నవ్వామంటే పాప ఉలిక్కిపడి లేచింది.

ఇప్పుడు నేను కింద దిండు లేకుండా కుర్చీలో కూర్చుని పని చేసుకుంటున్నాను. బుధవారం అత్తయ్యని తీసుకెళ్తున్నాను. మా ఆయనకి ముప్పై ఏళ్లు. అక్కడికెళ్లి అత్తయ్య కూడా పది రోజులంటే నేను ఊరుకోను.