తన కొలువు తానే చేసిన శంకరమ్మ

మా అవ్వ, మా కన్నతల్లి శంకరమ్మ, ఇక లేదు. ఈ వాక్యాన్ని నా చేతితోనే రాశాను. మళ్లీ చదివాను. తెలుగు పంతులమ్మను కనుక దోషాలు వెతకడం అలవాటు. ఏ దోషమూ కనిపించలేదు.

కబురు అందినప్పుడు నేను చెన్నూరులో మా బడిలో తొమ్మిదో తరగతికి సంధులు చెబుతున్నాను. ఆదిలాబాద్ నుంచి తమ్ముడు రవి ఫోన్ చేశాడు. "అక్కా, అవ్వ పోయింది," అన్నాడు. పొద్దున చాయ్ తాగి మంచం మీద ఒరిగిందట, మళ్లీ లేవలేదట. సరే అన్నాను. తరగతిలోకి తిరిగి వెళ్లి, మిగిలిన ఉదాహరణలు నల్లబల్ల మీద రాసి, పిల్లలు రాసుకునేదాకా నిలబడి, ఆ తరువాత ప్రధానోపాధ్యాయునికి చెప్పాను. నా ముఖం చూసి ఆయన తాను తప్పుగా విన్నాననుకున్నాడు. బస్సులో టికెట్టు తీసుకున్నాను, చిల్లర సరిచూసుకున్నాను. ఉట్నూరు అడవి దాటుతుంటే పక్కనున్న ఆమె ఏ ఊరికని అడిగితే చెప్పాను. అన్నీ చేయగలిగాను. నిశ్చేష్టత అనే మాటను పిల్లలకు ఎన్నోసార్లు వివరించాను కానీ, అందులో ఇన్ని చేష్టలుంటాయని నాకు తెలియదు.

అవ్వ పెద్దపల్లి దిక్కు ఒక రైతు ఇంట పుట్టింది. పెండ్లితో గోదావరి దాటి మంచిర్యాల బొగ్గు ప్రాంతానికి వచ్చింది. మా దిక్కున బొగ్గుగనిని బాయి అంటారు. మా బాపు, అంటే మా నాన్న ఓదెలు, బాయిలో పని చేసేవాడు. నేను ఐదో తరగతిలో, రవి రెండులో ఉండగా, గనిలో పైకప్పు కూలి ఆయన మరణించాడు.

దినాలు ముగిసిన మరునాడు మా క్వార్టర్ ముందర పెద్దలు కూర్చున్నారు. మరణించిన కార్మికుని కుటుంబంలో ఒకరికి కంపెనీ కొలువు ఇస్తుంది. అది బాపు తమ్ముడు రాజయ్యకు, అంటే మా చిన్నబాపుకు రావాలన్నది అందరి అభిప్రాయం. అతడు సౌమ్యుడు. వదినెను, పిల్లలను సాదుతానని పదిమందిలో ఒప్పుకున్నాడు. అవ్వను కన్న మా తాత కూడా తల ఊపాడు. ఇరవైల్లో ఉన్న విధవ బాయి మీదికి పనికి పోవచ్చునన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. సమ్మతి సంతకం కోసం పిలిస్తే అవ్వ వంటింట్లోంచి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకొని, గడప మీద నిలబడింది.

"మనిషి నాకు పోయిండు. పిల్లలు నాకున్నరు. పని గూడ నేనే చేస్త."

సంతకం పెట్టకుండానే లోపలికి వెళ్లిపోయింది. నాయనమ్మ ఆ పూటే మూట సర్దుకొని ఊరికి వెళ్లిపోయింది, మళ్లీ మా ఇంట మెతుకు ముట్టలేదు. తాత చాలాకాలం మా గడప తొక్కలేదు. చిన్నబాపు దుబాయ్ పోయి, యౌవనమంతా ఎండలో కట్టడాల పని చేసి, వంగిన నడుముతో తిరిగి వచ్చాడు. ఆ సంగతి అవ్వ ఎన్నడూ దాటవేయలేదు. "ఆనాటి నా మాటతోని నా బతుకొక్కటే మారలే బిడ్డా, రాజయ్యది గూడ మారింది. నాకెరుకే," అనేది. మొన్న దినాలకు వచ్చిన చిన్నబాపు నా పక్కన కూర్చొని, తనంతట తానే అన్నాడు: "వదినె ఆనాడు నాకిచ్చుంటే మిమ్ముల సాదేటోణ్ణే. కని ఎంతకాలం సాదేటోణ్ణో నాకే తెల్వదు."

కంపెనీవాళ్లు అవ్వకు తొలుత ఊడ్చే పని ఇచ్చారు. తరువాత ల్యాంప్ రూమ్‌కు మార్చారు. గనిలోకి దిగే ప్రతి కార్మికుడూ తలకు పెట్టుకునే దీపాన్ని అక్కడి కిటికీ దగ్గర తీసుకొని, పైకి వచ్చాక అక్కడే అప్పజెప్పాలి. అవ్వ పదవీ విరమణ దాకా ఆ కిటికీ దగ్గరే నిలబడింది. షిఫ్టు వేళకు చేరడానికి సైకిల్ నేర్చుకుంది. చీర కుచ్చిళ్లు గొలుసులో ఇరుక్కొని పడి, మోకాళ్లు చీరుకొని, కాలనీ అంతా చూస్తుండగా లేచి మళ్లీ ఎక్కింది. నవ్వినవాళ్ల ఇండ్లలోని ఆడపిల్లలే తరువాత ఆమె దగ్గరికి సైకిల్ నేర్చుకోవడానికి వచ్చారు.

ఒకసారి ఒక కార్మికుడు తాగి షిఫ్టుకు వచ్చాడు. అవ్వ దీపం ఇవ్వనన్నది. అతడు బూతులు తిట్టాడు, పైవారికి చెబుతానన్నాడు. అవ్వ గొంతు పెంచలేదు. "నువ్వు మీదికి రాకపోతె రేపు నీ పెండ్లాం నా దగ్గరికి వస్తది. ఏం చెప్పాలె?" అని అడిగింది. అతడు వెనుదిరిగి పోయాడు. మరునాడు తాగకుండా వచ్చి చేయి చాపితే, అవ్వ దీపం ఇచ్చింది. వృద్ధుడైన ఆ కార్మికుడే మంచిర్యాల నుంచి జీపు మాట్లాడుకొని, మరికొందరిని వెంటబెట్టుకొని అంత్యక్రియలకు వచ్చి ఈ సంగతి నాకు చెప్పాడు. అవ్వ ఎన్నడూ చెప్పలేదు.

ఇంటర్ తరువాత నాకొక సంబంధం వచ్చింది. బంధువులంతా ఖాయమనుకున్నారు. అవ్వ నన్ను పక్కకు పిలిచి, "నీకేం గావాలె?" అని అడిగింది. అంతవరకూ ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు కనుక వెంటనే జవాబు తోచలేదు. తోచేదాకా ఆమె ఎదురుచూసింది. చదువుకుంటానన్నాను. నేను పంతులమ్మనైంది ఆ నిరీక్షణ వల్లనే.

రవి విషయంలో అలా జరగలేదు. దీన్ని దాచిపెట్టి అవ్వను స్తుతించడం ఆమెకే నచ్చదు. ఆరోగ్యం చెడి పని చేయలేని కార్మికుల కొలువు పిల్లలకు వచ్చే వీలుండేది. కాలనీలో ఏ జబ్బూ లేనివారు కూడా జబ్బు రాయించుకొని కొడుకులకు దారి ఇవ్వాలని చూసేవారు. ఐటీఐ చదివి పని దొరక్క తిరుగుతున్న రవి ఒక సాయంత్రం అవ్వను అడిగాడు.

"అందరు ఇస్తున్నరు. నువ్వెందుకియ్యవ్?"

"నాకు ఏ రోగం లేదు రవీ. లేని రోగం రాయించుకోను."

బాపు పోయిన గనిలోకి కొడుకును దింపడానికి భయపడుతోందని నేను భావించాను. అదే అడిగాను. రవి కూడా అక్కడే ఉన్నాడు.

"భయం గూడ ఉన్నది. కని అసలు సంగతి అది గాదు. ఆ పని నాకిష్టం బిడ్డా. ఆడికి పోతె నన్ను నా పేరుతోని పిలుస్తరు. ఆడ నేను ఒగల పెండ్లాన్ని గాను, ఒగల అవ్వను గాను."

కొడుకు కంటే కొలువు ఎక్కువైందన్నాడు రవి.  ఆ వారంలోనే వాడు ఆదిలాబాద్ పోయి పత్తి జిన్నింగ్ మిల్లులో కుదురుకున్నాడు. కొన్నేండ్లకు ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. మరాఠీ మాట్లాడే ఇంటి పిల్ల సునీతను పెండ్లి చేసుకున్నాడు. ఆ పెండ్లికి అవ్వ వెళ్లి, అక్షింతలు వేసి, భోజనం చేసి, మరుసటి బస్సుకు తిరిగి వచ్చింది. తల్లీకొడుకుల మధ్య మాటలన్నీ నా ద్వారానే నడిచేవి.

పదవీ విరమణ చేసిన వారంలో అవ్వ క్వార్టర్ అప్పజెప్పి, ఎవరికీ చెప్పకుండా, ఒక సంచితో ఆదిలాబాద్‌లో దిగింది. తలుపు తీసింది సునీత. లోపలినుంచి వచ్చిన రవి ఎన్నాళ్లుంటావని అడిగాడట. నువ్వు పొమ్మనేదాకా ఉంటానన్నదట అవ్వ. సునీత చాయ్ పెట్టింది. అవ్వ ఉండిపోయింది. కోడలి దగ్గర మరాఠీ మాటలు నేర్చుకుంది. సాయంత్రాలు షెడ్డు ముందర కుర్చీ వేసుకొని కూర్చునేది. వాన గురించి, పత్తి ధర గురించి, ఇంజన్ల గురించి తల్లీకొడుకులు మాట్లాడుకునేవారు. ఆ పాత మాట మాత్రం ఇద్దరిలో ఒక్కరూ ఎత్తలేదు.

దినాలు ముగిసి చుట్టాలంతా వెళ్లిపోయాక రవి షెడ్డు తెరిచాడు. నేను పోయి ఆ కుర్చీ పక్కన నిలబడ్డాను. వాడు ఇంజన్ ముందు వంగి, నా దిక్కు చూడకుండానే అన్నాడు.

"పని ఇస్తె బాయిల దిగేటోణ్ణి. ఇయ్యకపాయె, గిట్లయిన. రెండిట్ల ఏది మంచిగుండెనో నాకు తెల్వదక్కా. ఎప్పుడన్న ఒకసారి అవ్వనే అడుగుదామనుకున్న. ఇగ ఎవ్వల్ని అడగాలె?"

  అవ్వ ఉన్నన్నాళ్లు ఆమె నిర్ణయాలకు ఆమే బాధ్యురాలు. మెచ్చుకున్నా, నిందించినా, ఎదురుగా కూర్చొని వినడానికి ఒక మనిషి ఉండేది. ఆ నిర్ణయాల వల్ల ఇలా తయారైన మేమిద్దరం మిగిలాం, చిన్నబాపు మిగిలాడు. విని ఊకొట్టే ఆ మనిషి లేదు. తీరని లోటు అనే మాటను సంతాప సభల్లో నేనూ అనేకసార్లు వాడాను. ఆ లోటుకు ఒక ఆకారం ఉంటుందని, అది ఒక షెడ్డు ముందరి ఖాళీ కుర్చీ అంత ఉంటుందని ఆనాడు చూశాను.

అవ్వా, నీ బిడ్డ నీకు చేతులు జోడించి మొక్కుతోంది. సోమవారం నుంచి బడికి పోతున్నాను. ఏడుపు ఇంకా రాలేదు. రవికి కూడా రాలేదట.