టంకం కడ్డీ ఎంటవెట్టుకొని పిల్లను చూడవోయిన

గా రోజుల్ల మా జమ్మికుంట దిక్కు రేడియో బాగుచేసెటోడంటే సగం డాక్టరు కింద లెక్క. మిగిలిన సగం నేనే కలుపుకొని తిరిగేది. మగ్గం మీద కూసోమంటే కాదని రేడియో పని నేర్చిన ఇరువయ్యేండ్ల పోరణ్ని, గర్వం తప్ప సొంత సామాను ఒక్కటి లేదు. అందుకే ముందుగాల మంచి టంకం కడ్డీ (అదే, వేడిచేసి తీగెలు అతికేది) కొనాలని పట్నం పోయిన. దుకాణపాయన మూడు రకాలు ముంగటేసిండు. ఒకదాని కట్టె పిడి రెండు నిమిషాలకే చెయ్యి కాల్చింది. ఇంకోదాని రాగి ముక్కు ముట్టుకుంటే ఊగింది. మూడోదాన్ని పావుగంట కరెంటుకు పెట్టి, టంకం కరిగించి, పిడి చెంపకు ఆనించుకొని గూడ చూసిన. "కడ్డీ కొంటున్నవా, సంబంధం ఖాయం చేస్తున్నవా?" అని ఆయన పరేషాన్ అయిండు.

ఆయన నోటి వాక్కేమో గాని, వారం దినాలకే ఆసిఫాబాద్ అవతల ఊరి నుంచి సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి ముందే కబురు చేసిండు: "మగ్గం ఇడిసిన పిలగాని చేతిల ఇంకేదన్న పనుందో లేదో చూడాలె. మా ట్రాన్సిస్టర్ మూగవోయింది. పలికిస్తె మాట్లాడుకుందాం." నాకైతే ఎగిరి గంతేసినంత పనైంది. కడ్డీని దస్తీల చుట్టి సంచిల పెట్టుకున్న. "ఎందుకురా గంత మురుసుడు?" అన్నడు మా బాపు.

వాళ్ళింట్ల కూసున్నంక, తలుపు సాటున నిలవడ్డ పిల్లను ఒక్కసారి చూసిన. గంతే! ఈ సంబంధం తప్పితే నా బతుకు ఆగమే అనిపించింది. రేడియో ఇప్పిన. బ్యాటరీ తీగె తెగింది. "ఒక్క అతుకు మామా, చిటికెల పని" అన్న. (అప్పుడే మామ ఏందిరా అన్నట్టు బాపు ఉరిమి చూసిండు.) కడ్డీ తీసి, ప్లగ్గు చేతవట్టి గోడలు చూసిన. ఒక గోడకు కందిలి, ఇంకో గోడకు చాట.

"ప్లగ్గు పెట్టేది యాడుంది?"

"కరెంటు మా ఊరికి ఇంక రాలే బిడ్డా" అన్నడు పిల్ల తండ్రి, చానా మర్యాదగ.

మా బాపు కండ్లు మూసుకున్నడు. నేను ప్లగ్గును పిడికిట్ల దాసుకున్న. గప్పుడు తలుపు సాటు నుంచి అందరికీ ఇనవడేటట్టు ఒక గొంతు: "అవ్వా, గిన్నెలకు కళాయి వెట్టెటాయన కరెంటు ఎంట తెచ్చుకుంటడా? దాని ముక్కు ఊడదీసి పొయ్యిల పెట్టుమనరాదు!"

మర ఇప్పి, రాగి ముక్కును నిప్పులల్ల పెట్టిన. ఎర్రవడ్డంక పట్టకారుతోని పట్టి, పొగకు కండ్లు నలుపుకుంట అతుకు వేసిన. రేడియో గరగరమని, పత్తి ధరలు చెప్పుడు షురూ చేసింది. అంత మంచి పాట నేను ఇప్పటిదాంక ఇనలే.

పిల్ల తండ్రి రేడియో చెవికి ఆనించుకొని ఇని, మా బాపుతోని అన్నడు: "పిలగానికి చెయ్యి మంచిగనే ఉంది. తలకాయకే జర తోడు గావాలె. మా పిల్లనిస్త."

పిడి చెంపకు ఆనించుకొని చూసి, కావల్సిన ఒక్క ముచ్చట అడగని గా పోరడు యాదికొస్తె ఇప్పుడు నవ్వొస్తది, పావురం (అదే, ప్రేమ) గూడ అయితది. తలనెరిసినంక గూడ నేనేది కొనవోయినా, "అన్నీ అడిగినవా?" అంటది మా ఇంటామె. అడగలేదని తెలిసే అంటది.