పసుపు పూసిన దొరల నోటు

వజ్రమిచ్చి కాగితం తెచ్చుకున్న వంశం మాది. వజ్రకరూరు చేలో వాన వెలిశాక దొరికిన రాయిని మా ముత్తాత తండ్రి ఒక దొరకు అమ్మితే, ఆయన మద్రాసులోని ఏదో ప్రైవేటు బ్యాంకు నోటు చేతిలో పెట్టాడట. దొరల బ్యాంకులు ఎవరి నోట్లు వాళ్ళే అచ్చేసుకునే కాలం అది. వెంటనే మార్చుకుని ఉంటే ఏ గొడవా లేదు. ఇంటికొచ్చిన లక్ష్మిని బయటికి పంపకూడదని దేవుడి గూట్లో పెట్టారు మహానుభావులు. అప్పటి నుంచీ ప్రతి శుక్రవారం దానికి పసుపూ కుంకుమా. ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీల మోత అన్నట్టు, మేము సంగటికి తడుముకుంటున్నా ఊళ్ళో మమ్మల్ని వజ్రాలోళ్ళనే పిలిచేవారు.

యాభైల చివర్లో వరసగా రెండేళ్ళు వాన మొహం చాటేసింది. బావి అడుగంటింది. ఇంకా లోతు తవ్వించాలి, లేదంటే సేద్యం మానుకోవాలి. తవ్వించాలంటే ఎద్దుల్ని అమ్మాలి. దానికి నాయన మనసొప్పలేదు.

“అమ్మా, ఆ నోటియ్యి. గుత్తికి పోయి మార్చుకొస్తా” అన్నాడు మా అవ్వతో.

అవ్వ ఒక పూట కూడు మానేసి, చివరికి ఇచ్చింది. ఇచ్చే ముందు ఇంకో పొర పసుపు పూసింది.

గుత్తి బ్యాంకులో ఆఫీసరు దాన్ని వెలుతురుకు పట్టి చూశాడట. “ఈ బ్యాంకు ఎప్పుడో మూసేసినారప్పా. మేము దుడ్లియ్యలేం. ఇట్లాటి పాత నోట్లకు మద్రాసులో మంచి ధర పెట్టేవాళ్ళుండారు. అయితే నంబరూ సంతకమూ కనపడాల. దీంట్లో పసుపు తప్ప ఏముండాది?”

“తుడిస్తే?” అన్నాడట నాయన.

“తుడిస్తే కాగితమే పోతాది.”

ఇంటికొచ్చి చెబితే అవ్వ తొణకలేదు. “బ్యాంకు పోతే పోనీలే. లక్ష్మి యాడికి పోతాదిరా?”

“యాడికీ పోలేదమ్మా. మనింట్లోనే పసుపులో మునిగి సచ్చింది.”

నాకు నవ్వొచ్చింది. నాయన మొహం చూసి మింగేశాను. మరుసటి సంతలో ఎద్దుల్ని అమ్మేశాడు.

ఆ డబ్బుతో తవ్విస్తే నీళ్ళు పడ్డాయి, అదీ నిలువెత్తు. మా ఊరి దేవుళ్ళకు ఎకసెక్కం ఎక్కువ. నీళ్ళున్నాయి గానీ, వాటిని పైకి తోడే కపిల లాగడానికి ఎద్దులు లేవు. అమ్మా నాయనా మోకును భుజాలకు వేసుకుని, ఎద్దులు నడిచే వాలులోకి దిగారు. అవ్వ కాసేపు గట్టు మీద నిలబడి చూసింది. తర్వాత కొంగు నడుముకు చుట్టుకుని వచ్చి, వాళ్ళ వెనక మోకు పట్టుకుంది.