రోడ్డు మీద పచ్చిపులుసు

వాళ్లు పెట్టిన అన్నం తిని, వాళ్లనే వెక్కిరించాను. తమ ఊరికి బస్సు వేయాలని ఆ రోజు ఉట్నూర్ దారిలో ఆడవాళ్లు వంటావార్పు చేస్తున్నారు. రోడ్డు మీదే వండి, ఆగిపోయిన బస్సుల్లో ఉన్న మాకూ అన్నం, పచ్చిపులుసు పెట్టారు. కడుపునిండా తిని, వీడియో తీసి, కింద "పనిలేనోళ్లు రోడ్డెక్కిండ్రు" అని రాసి గ్రూపుల్లో పెట్టాను. అది ఊరూరా తిరిగింది.

నెల తర్వాత ఇచ్చోడలో బస్సెక్కితే, పక్క సీట్లో ఉన్నామె నా ముందు ఫోన్ పెట్టింది. అదే వీడియో.

"గీ గంటె పట్టుకున్నది నేనే సార్! గిది చూసే ఆఫీసర్లు మాకు గీ బస్సు ఏసిర్రు. కింద ఏమో రాసిర్రు, జర చదువు. నాకు చదువు రాదు."

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ఉన్నది ఉన్నట్టు చదివి, "రాసింది నేనేనమ్మా" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వింది. "పని లేకుంటే బస్సెందుకు అడుగుతం సార్? పనికి పోనీకే గదా! ఓ వదినా, మన పచ్చిపులుసు తిన్న సారు గీయనే!"

బస్సంతా నవ్వింది. సిగ్గుపడుతూనే నేనూ నవ్వాను.

"ఫికర్ చెయ్యకు. గిప్పుడు బస్సు వచ్చిందని గూడ పెట్టు."

దిగేలోపే అవే గ్రూపుల్లో నా తప్పు ఒప్పుకున్నాను. సీట్లలోంచి చేతులూపుతున్న వాళ్లందరినీ వీడియో తీసి, కింద ఆమె మాటే రాశాను: "పని లేకుంటే బస్సెందుకు అడుగుతం?" పెట్టేముందు ఆమెకు చదివి వినిపించాను.

"గిట్ల రాయాలె" అంది.