మందుల వాసన వేసే మా తెల్ల కారు

మొన్న ఆదివారం ఆరాధన ముగిసి బయటికి వచ్చేసరికి, మా సంఘంలోని ఒక చిన్నవయసు జంట కొత్త కారుకు రిబ్బన్లు కట్టి పాస్టరుగారిచేత ప్రార్థన చేయిస్తున్నారు. ఏడేళ్ల ఫైనాన్సని ఆ అమ్మాయి సంబరంగా చెబుతుంటే నేను తల ఊపుతున్నానే గాని, మనసు అప్పటికే పాతికేళ్లు వెనక్కి వెళ్లిపోయింది.

అప్పట్లో నేను కోట ఊళ్లోని ఆసుపత్రిలో నర్సును, మా ఆయన బడిలో సైన్సు మాస్టారు. రొయ్యల చెరువులు బాగా పండే రోజులవి, మీకూ గుర్తుండే ఉంటుంది. మా అన్న నాలుగు చెరువులు వేసి, ఫైనాన్సులో ఎర్రటి కొత్త కారు కొన్నాడు. నాకూ అలాంటిదే కావాలని ఆశ పుట్టింది, లేత నీలం రంగని కూడా అనేసుకున్నాను. కొనుక్కొస్తానని నెల్లూరు వెళ్లిన మా ఆయన, సాయంత్రానికి ఒక ముసలి డాక్టరుగారు ఏళ్ల తరబడి వాడిన తెల్ల కారును, చేతిలో ఉన్న డబ్బుతోనే కొని తోలుకొచ్చారు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. తలుపు రెండుసార్లు వేస్తే గాని పడదు, వెనక అద్దాలు దిగవు, సీట్లలో ఇంకిన మందుల వాసన ఎన్ని ఎండలు కాసినా పోదు. అన్న వచ్చి చూసి, "ఏమ్మా, దీన్లో కూర్చుంటే జొరం తగ్గిపోద్దా?" అని నవ్వితే, మా ఆయన ఎదురుగానే ఆ నవ్వులో నేనూ కలిశాను. నెల రోజులు ముందు సీట్లో కూర్చోలేదు కూడా. ఒకరోజు పొద్దు వాలుతుండగా ఆయన నన్ను ఆ కార్లోనే పులికాట్ సరస్సు వైపు తీసుకెళ్లారు. నీళ్ల మీద గులాబీరంగు పక్షులు వేలకొద్దీ, ఆకాశమే కిందికి దిగి మేస్తున్నట్టు నిలబడి ఉన్నాయి. వెనక అద్దం దిగదు కాబట్టి వాటిని చూడాలని ముందుకు వచ్చి కూర్చున్నాను, మళ్లీ వెనక్కి వెళ్లలేదు.

రెండేళ్లకు రొయ్యలకు తెగులు వచ్చి చెరువులన్నీ ఖాళీ అయ్యాయి. ఒక ఆదివారం చర్చి గేటు దగ్గరే ఫైనాన్సు వాళ్లు కాచుకుని, అందరూ చూస్తుండగా అన్న చేతిలోంచి తాళం తీసుకుని ఆ ఎర్ర కారును తోలుకుపోయారు. వదిన బైబిలు గుండెకు హత్తుకుని, ఇద్దరు పిల్లలతో ఎండలో అలాగే నిలబడిపోయింది. మా ఆయన కారు తెచ్చి వాళ్ల ముందు ఆపారు.

"ఎక్కు బావా, ఎండగా ఉండాది."

నేను దిగి అన్నను ముందు కూర్చోబెట్టి, వెనక వదిన పక్కన సర్దుకున్నాను. కొంత దూరం పోయాక అన్నే, "దీన్ని ఎవురూ లాక్కోని పోలేరు గదా బావా," అన్నాడు, ఈసారి నవ్వకుండా. ఆయన స్థానంలో ఇంకెవరున్నా ఏదో ఒక మాట అనేవాళ్లే. ఆయన మాత్రం గేరు మార్చి, "రేపు పొద్దున్నే నీ చెరువు కాడికి పోదాం, మళ్లా వేద్దాం," అన్నారు. దిగని అద్దానికి నుదురు ఆనించి నేను ఏడ్చాను. నెలనెలా ఫైనాన్సుకు కట్టే పని లేక దాచుకోగలిగిన మా డబ్బే మరుసటి ఏడు అన్న చెరువులోకి నీళ్లు తెచ్చింది.

ఆ కారు పోయింది, తర్వాత కొన్నాళ్లకు ఆయనా వెళ్లిపోయారు. ఇప్పుడు రోడ్లు వెడల్పయ్యాయి, మా వీధిలోనే పది కార్లున్నాయి. ఆ రోజుల్లో అల్లంత దూరాన దుమ్ము లేస్తేనే వచ్చేది ఎవరి కారో తెలిసిపోయేది. దారిలో చెయ్యెత్తిన వాళ్లందరినీ ఎక్కించుకుని, ఒకరి ఒళ్లో ఒకరం కూర్చుని కబుర్లాడుకుంటూ ఊరు చేరేవాళ్లం. ఇప్పుడూ బస్సు కోసం నిలబడినప్పుడు కారు కనిపిస్తే నా చెయ్యి దానంతట అదే లేస్తుంది. నల్లటి అద్దాల వెనక ఉన్నది మనవాళ్లేనేమో, నన్ను గుర్తుపట్టారో లేదో, కారు మాత్రం చప్పుడు లేకుండా, మెత్తగా దాటి వెళ్లిపోతుంది.