తెరలో కుడి సగం

గుంటూరులో మా డీటీపీ సెంటర్లో నాకు పని నేర్పింది ఒక అక్క. శుభలేఖలు, చర్చి కరపత్రాలు, మిరప విత్తనాల పోస్టర్లు, ఏది వచ్చినా ఆవిడ చేతిమీదుగానే పోయేది. నాది ఆవిడ పక్క కుర్చీ.

ఒక ఎండాకాలం ఆవిడకు పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ త్వరగానే స్వాధీనంలోకి వచ్చాయి. మాట పోలేదు. కొన్ని నెలలకు మళ్లీ పనిలో చేరింది. చేరిన రోజే కంప్యూటర్ ఆన్ చేసి, "అమ్మాయ్, నా ఫోల్డర్లన్నీ ఎవరు తీసేశారు?" అని అడిగింది.

ఫోల్డర్లు ఎప్పటిలాగే తెర ఎడమ అంచున వరుసగా ఉన్నాయి. వేలు పెట్టి చూపించాను. తల తిప్పి చూసి, "ఇక్కడే ఉన్నాయా" అంది. ఆ తర్వాత రోజూ ఇలాంటిదేదో జరిగేది. రెండు విండోలు తెరిస్తే ఒకటి మాయమైందనేది. ప్రూఫు దిద్దితే పంక్తుల మొదట్లో తప్పులు అలాగే మిగిలిపోయేవి. కళ్లజోడు మార్పించుకున్నా లాభం లేకపోయింది. మా ఓనరు మంచివాడే. ఆవిడ లేనప్పుడు నాతో, "పాపం, పని మర్చిపోయినట్టుందమ్మా. కొన్నాళ్లు చూసి మానెయ్యమని నేనే చెప్తాలే" అన్నాడు. ఆ మాట ఆవిడ చెవిన పడిందేమో, మాతో టీకి లేవడం కూడా మానేసింది.

ఒకరోజు కనిగిరి వాళ్ల శుభలేఖ వచ్చింది. ఆవిడ సిస్టంలోనే ఇద్దరం కూర్చున్నాం. పెళ్లివాళ్లు వాట్సాప్‌లో పంపిన చేతిరాత ఫోటో తెరకు ఎడమవైపు పెట్టి, కార్డు విండోను చిన్నది చేసి కుడివైపుకు జరిపాను. అక్క కార్డంతా గడగడా చదివేసింది. "ముహూర్తంలో దీర్ఘం పోయింది చూడు" అని కూడా చెప్పింది. అది దిద్ది, విండోను తెరంతా నిండేలా పెద్దది చేశాను. మళ్లీ చదవమంటే పంక్తి మధ్యలోంచి అందుకుంది.

"మొదట్నుంచి చదువక్కా."

"మొదట్నుంచే కదే చదువుతున్నాను."

నా చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. విండోస్ కీతో పాటు కుడి బాణం నొక్కాను. విండో కుడి సగానికి సర్దుకుంది. ఈసారి ఒక్క అక్షరం వదలకుండా చదివింది.

"ఎడమపక్క చేతిరాత ఫోటో ఉందక్కా. కనిపిస్తోందా?"

"ఏ ఫోటో?" అంటూ మెల్లగా తల తిప్పింది. ఒకసారి ఫోటోవైపు, ఒకసారి కార్డువైపు చూసింది. తర్వాత, "అయితే నేనేం మర్చిపోలేదన్నమాట" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మర్నాడు నరాల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. కళ్లు బాగానే ఉన్నాయనీ, ఎడమవైపు చూపును అందుకునే చోట మెదడులో దెబ్బ తగిలిందనీ, ఇక అది తిరిగి రావడం కష్టమేననీ చెప్పాడు. ఓనరుకు విషయం చెబితే తల దించుకుని, "నాకు తట్టలేదమ్మా" అన్నాడు.

ఫోల్డర్లన్నీ కుడి అంచుకు లాగాం. ఏ విండో తెరిచినా కుడి సగంలోనే ఉంచడం ఆవిడకు అలవాటైంది. పని మునుపటంత వేగంగా సాగదు గానీ తప్పులు దొర్లవు. రోడ్డు దాటడమే ఇంకా భయం. అందుకని సాయంత్రం ఆటో స్టాండు దాకా ఇద్దరం కలిసి వెళ్తాం, నేను ఆవిడకు ఎడమపక్కన నడుస్తాను.