కుట్లు లేని ఆపరేషన్

మా వాళ్ళు ఆపరేషన్ అయినవాళ్ళను చూడడానికి బత్తాయిలు పట్టుకుని వస్తారు, కుట్లు చూస్తే గానీ కదలరు. నా కడుపులో గడ్డ క్యాన్సరేనని తేలింది. కానీ ఇంకా మొదట్లోనే ఉంది కాబట్టి, నోట్లోంచి కెమెరా గొట్టం పంపి దాన్ని లోపల్లోపలే తీసేశారు. పొట్ట మీద గీత కూడా పడలేదు. కొద్దిరోజుల్లోనే లాలాగూడ రైల్వే క్వార్టర్‌లో కూర్చుని మెత్తటి ఇడ్లీ తింటున్నాను.

మొదట వచ్చింది మా ఆయన అక్క. ఆమెకూ ఒకప్పుడు ఇదే జబ్బు. ఆలస్యంగా తెలియడంతో పొట్ట నిలువునా కోసి, జీర్ణాశయం చాలావరకు తీసేశారు. వస్తూనే నా కొంగు పక్కకు జరిపి చూసింది.

"కుట్లేవే?"

"లేవు వదినె. నోట్లకెల్లే తీసిన్రు."

"కోయకుండ రోగమెట్ల పోతదే? పైపైన గీకితె ఏమైతది? మల్లొస్తది జూడు."

నాకు ఒళ్ళు మండింది. బత్తాయిలు ఆమె సంచిలోనే తిరిగి వేసేద్దామనుకున్నాను. కోపం పోయింది గానీ, ఆ మాట పోలేదు. ఏటా పరీక్షకు ముందు ముద్ద దిగేది కాదు. పుల్లటి తేనుపు వచ్చినా సరే, అయిపోయింది నా పని అనుకునేదాన్ని.

ఈమధ్యే ఐదేళ్ళ పరీక్ష అయింది. డాక్టరమ్మ తెర నా వైపు తిప్పింది.

"గడ్డ ఉన్న చోటు ఇదేనమ్మా. ఈ తెల్లటి మచ్చ తప్ప ఏమీ లేదు. ఆ గడ్డ గురించి ఇక భయం పెట్టుకోకండి. కొత్తవి రాకుండా మాత్రం ఏటా చూసుకుందాం."

గెలిచాను! ఎగిరి గంతేయాలనిపించింది. ఆ ఫోటో అడిగి తీసుకున్నాను. మత్తు పూర్తిగా దిగాక, ఇంటికి పోదామంటున్న మా ఆయన మాట వినకుండా ఆటోను మల్కాజ్‌గిరికి, వదినె ఇంటికి పోనిమ్మన్నాను.

"కుట్లడిగినవ్ గద వదినె. ఇగో, చూడు."

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గింతేనా?"

"గింతే."

ఇంకొక్క మాటంటే దులిపేద్దామని కాచుకుని కూర్చున్నాను. ఆమె మాత్రం ఫోటోలోని మచ్చను వేలితో తడిమింది. ఆ చెయ్యి మెల్లగా తన పొట్ట మీదికి పోయింది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళింది. నాలుగు ముద్దలు దాటితే ఆయాసపడే మనిషి, నా కంచంలో అన్నం, పప్పు, గోంగూర కుప్పగా వడ్డించింది.

"చాలు వదినె."

"తిను," అంది నా తల నిమురుతూ. "నా వంతు సుత నువ్వే తిను."

ఏడుస్తూనే, మెతుకు మిగల్చకుండా తిన్నాను.